చేపల తొట్టి మీద లెట్యూస్: నల్లగొండ నీళ్ళతో ఒక లెక్క

హైదరాబాదు నుండి వరంగల్లు పోయే రహదారి మీద, భువనగిరి దాటి రాయగిరి దగ్గర యాదగిరిగుట్టకు తిరిగే దారిలో, ఇప్పుడు కొన్ని హోటళ్ళలో బర్గర్లు కూడా దొరుకుతున్నాయి. ఆ రొట్టెముక్కల మధ్య లేతాకుపచ్చగా, ముడతలు ముడతలుగా ఒక ఆకు ఉంటుంది. దాని పేరు లెట్యూస్. ఒకసారి ఆ ఆకు తీసుకుపోయి మా నాయనమ్మకు చూపిస్తే, "ఇదేం ఆకు బిడ్డా, పప్పుల ఏస్తరా?" అని అడిగింది. పప్పులో వేయరు, పచ్చిగానే తింటారు అంటే, "అయితే ఏ నీళ్ళ పారిచ్చిండ్రో ఎర్కేనా?" అన్నది.

ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే. ఉడికించి తినే కూరలో సూక్ష్మజీవులు ఉడుకుతోనే చస్తాయి. పచ్చిగా తినే ఆకు విషయంలో ఆ రక్షణ లేదు. మన ప్రాంతంలోనేమో రెండు రకాల నీళ్ళ బాధ ఉంది. ఒకపక్క మూసీ హైదరాబాదు మురుగునంతా మోసుకొచ్చి పోచంపల్లి, వలిగొండ వైపు పొలాలకు పారుతుంది. మరోపక్క బోరు నీళ్ళలో ఫ్లోరైడు. ఈ రెండింటికీ దూరంగా, ఇంట్లోనే ఒక గదిలో, చేపల తొట్టి నీళ్ళతో మట్టి లేకుండా ఆకుకూర పండించవచ్చని ఈమధ్య చాలామంది ఉత్సాహపడుతున్నారు. దీనినే ఆక్వాపోనిక్స్ అంటారు. ఇది నిజంగా మన యాదగిరిగుట్ట వంటి ఊళ్ళో సాధ్యమా? సాధ్యమైతే ఎంతమేరకు? రసాయన, జీవశాస్త్రాలలో మనం చదువుకున్న నాలుగు ముక్కలతోనే ఈ లెక్క తేల్చవచ్చు.

పాత విద్యకు కొత్త పేరు

ఆక్వాపోనిక్స్ అన్న మాట కొత్తదే కాని అందులోని సూత్రం మన రైతుకు కొత్త కాదు. చెరువులో చేపలు పెరుగుతాయి, పశువులు దిగుతాయి, ఆ నీరు తూము గుండా వరిమళ్ళకు పోతుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే అడుగున చేరిన ఒండ్రుమట్టిని బండ్ల మీద పొలానికి తోలుకుంటారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో కూడా చెరువుల పూడిక తీసి పొలాలకు చేర్చడం ఒక ముఖ్యభాగం. చేప విసర్జించినది పైరుకు ఎరువు అవుతుందన్న తెలివిడి ఇందులో ఉన్నదే. మెక్సికోలో ఆజ్టెక్కులు చెరువుల్లో మడులు కట్టి పైరు పెట్టారు. చైనాలో వరిమడిలోనే చేపలు పెంచారు.

దీనిని కొలిచి, లెక్కగట్టి, ఒక తొట్టిలోకి దించిన పని మాత్రం ఇటీవలిదే. అమెరికాలో 1969లో స్థాపించిన న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ వారు ఇటువంటి ప్రయోగాలు చేశారు. తర్వాత కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ అనే శాస్త్రవేత్త 1980 నుండి దాదాపు మూడు దశాబ్దాలు తిలాపియా చేపలతో కలిపి లెట్యూస్ వంటి ఆకులు పండిస్తూ, ఎంత మేతకు ఎంత మడి సరిపోతుందో లెక్కలు తీశాడు. అది కూడా మనలాగే నీటికి కరువైన చోటు. అక్కడ వారు వాననీటిని పట్టి వాడుకున్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చిన్నతరహా ఆక్వాపోనిక్స్ మీద ఒక వివరమైన పుస్తకం వెలువరించింది. ఇంట్లో చేసేవారికి అందులోని కొలతలే ఇప్పటికీ ఆధారం.

తొట్టిలో ఏం జరుగుతుంది?

చేప తిన్న మేతలోని మాంసకృత్తులలో కొంత దాని ఒంటికి పడుతుంది. మిగిలిన నత్రజనిలో ఎక్కువభాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్ళలోకి వస్తుంది. నూరు గ్రాముల మేతలో 32 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే, అందులో నత్రజని సుమారు 5 గ్రాములు. ఇందులో దాదాపు మూడోవంతు లోపే చేపలో నిలుస్తుంది. మిగతాది తొట్టిలోనే చేరుతుంది.

అమ్మోనియా చేపకు విషం. ఆ విషం మొక్కకు ఆహారంగా మారే మధ్యలో రెండు మెట్లున్నాయి. నైట్రోసోమోనాస్ జాతి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా జాతులవి నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును చేప కొంత ఎక్కువైనా ఓర్చుకుంటుంది, మొక్క ఇష్టంగా తీసుకుంటుంది. ఈ బాక్టీరియాల సంగతి రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో తేల్చినదే. కనుక ఈ సేద్యంలో మనం పెంచేవి చేప, ఆకు అని రెండు కావు, మూడు. కంటికి కనిపించని ఆ మూడోదే అసలు సంసారం నడిపేది.

అయితే ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో అవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్నరోజే చేపలన్నీ వేసి కడుపునిండా మేత పెట్టినవాడు వారం తిరగకముందే చచ్చిన చేపలను ఏరుకుంటాడు. మొదట కొద్ది చేపలు, కొద్ది మేత, వారానికి రెండుసార్లు అమ్మోనియా, నైట్రైటు పరీక్ష. రెండూ లీటరుకు 1 మిల్లీగ్రాముకు లోపు నిలిచాకే ముందుకు పోవాలి.

ఇక్కడ పి.హెచ్. సంగతి ఒకటి ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉన్నది అంత ప్రమాదం కాదు. అయాన్ కాని అమ్మోనియాయే విషం. 25 డిగ్రీల వేడిలో, పి.హెచ్. 7 వద్ద ఆ విషరూపం నూటికి ఒకటి కూడా ఉండదు. పి.హెచ్. 8 వద్ద నూటికి 5 దాటుతుంది. అంటే పరీక్షలో ఒకే అంకె చూపినా, క్షారం ఎక్కువున్న నీళ్ళలో ప్రమాదం దాదాపు పదింతలు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల క్షారనీళ్ళే. పైగా అటువంటి నీళ్ళలో ఇనుము మొక్కకు అందదు. లేతాకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. లెట్యూస్‌కు, చేపకు, బాక్టీరియాకు, ముగ్గురికీ రాజీ కుదిరే చోటు పి.హెచ్. 6.5 నుండి 7 వరకు.

ఒక గదికి సరిపోయే అమరిక

ఒక 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు చేపలకు. దాని పక్కన రెండు చదరపు మీటర్ల వైశాల్యం, 25 సెంటీమీటర్ల లోతు ఉన్న మడి ఒకటి. అందులోనూ దాదాపు 500 లీటర్లు పడతాయి. అంతా కలిపి 1,000 లీటర్ల నీళ్ళు. ట్యాంకు నీరు ముందుగా ఒక డ్రమ్ములోకి పోయి, పెంటిక అడుగున దిగాలి. తర్వాత కంకర నింపిన మరో డ్రమ్ము గుండా పోవాలి. బాక్టీరియా కాపురం ఆ కంకర మీదనే. అక్కడి నుండి మడిలోకి, మడి నుండి చిన్న మోటారుతో తిరిగి ట్యాంకులోకి. మడి మీద థర్మోకోల్ పలక తేలుతూ ఉంటుంది. దానికి రంధ్రాలు చేసి, చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో కొబ్బరి పొట్టుతో నారు నిలబెడితే వేళ్ళు నీళ్ళలోకి దిగుతాయి.

ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40 నుండి 50 గ్రాముల చేపమేత సరిపోతుందని అనుభవం మీద తేలిన లెక్క. మన రెండు చదరపు మీటర్లకు రోజుకు 100 గ్రాములు. ఎదిగిన చేప తన బరువులో నూటికి ఒకటి రెండు వంతులు తింటుంది కాబట్టి, ట్యాంకులో 5 నుండి 10 కిలోల చేప ఉంటే చాలు. చదరపు మీటరుకు 20 మొక్కల చొప్పున మొత్తం 40 మొక్కలు. నారు మూడు వారాలు, నాటిన తర్వాత నాలుగు వారాలు. వారానికి పది మొక్కలు నాటుతూ, పది కోస్తూ పోతే ఏ వారమూ ఖాళీ ఉండదు. మొక్క 150 గ్రాములు తూగిందనుకుంటే నెలకు 6 కిలోల ఆకు. మేత నెలకు 3 కిలోలు. అన్నీ సవ్యంగా ఉంటే ఒకటిన్నర నుండి రెండు కిలోల చేప పెరుగుతుంది.

ఇంతవరకు కాగితం మీద అంతా బాగానే ఉంది. ఇక మన ఊరి సంగతికి వద్దాం.

నీళ్ళు పోతాయి, ఉప్పులు పోవు

ఈ పద్ధతిలో నీరు తిరిగి తిరిగి వాడుకుంటాం కనుక చాలా ఆదా అంటారు. నిజమే. రోజుకు మొత్తం నీటిలో ఒకటి నుండి మూడు శాతం మాత్రమే ఆవిరిగా, ఆకుల గుండా పోతుంది. రెండు శాతం అనుకుందాం. అంటే రోజుకు 20 లీటర్లు మనం కలుపుతూ ఉండాలి. అయితే ఆవిరైపోయేది వట్టి నీరే. అందులో కరిగి ఉన్నవి ఆవిరి కావు, తొట్టిలోనే నిలుస్తాయి.

లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళతో తొట్టి నింపామనుకోండి. యాభై రోజుల్లో 20 లీటర్ల చొప్పున మరో 1,000 లీటర్లు కలుపుతాం. తొట్టిలో నీళ్ళు మళ్ళీ 1,000 లీటర్లే, కాని ఫ్లోరైడు రెట్టింపు, లీటరుకు 6 మిల్లీగ్రాములు. ఏడాదికి కలిపే నీరు 7,300 లీటర్లు. ఆ లెక్కన ఏడాది తిరిగేసరికి ఫ్లోరైడు 25 దగ్గరికి వస్తుంది. కొంత సున్నంతో కలిసి అడుగున చేరవచ్చు, కొంత మొక్కే తీసుకోవచ్చు. కాబట్టి అంకె అచ్చంగా అంతే ఉండకపోవచ్చు కాని, పోయే దిక్కు మాత్రం అదే. తాగే నీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. పొలంలో అయితే బంకమట్టి, సున్నం ఫ్లోరైడును కొంత పట్టి ఉంచుతాయి. నీటి మడిలో ఆ అడ్డు లేదు, వేరు నేరుగా నీళ్ళలోనే ఉంటుంది. ఆ ఆకును మనం పచ్చిగా తింటాం.

కాస్త ఆలోచిస్తే, నల్లగొండ నేలలో జరిగింది కూడా ఇదే. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైటు, ఎపటైటు, అభ్రకం జాతి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతిపగుళ్ళలో నీరు ఏళ్ళతరబడి నిలిచి ఆ ఖనిజాలను కరిగించుకుంటుంది. క్షారనీళ్ళలో కాల్షియం సున్నపురాయిగా విడిపోతుంది, దానితో ఫ్లోరైడును ఆపేది లేక మరింత కరుగుతుంది. పైనుండి నీరు ఆవిరైపోతుంటే మిగిలిన నీరు మరింత చిక్కబడుతుంది. మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాజ్యంలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ సంగతి 1945 నాటికే వైద్యపత్రికలకు ఎక్కింది. వంగిన నడుములు, వంకర కాళ్ళు మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం వైపు ఊళ్ళలో మన పెద్దలు కళ్ళారా చూసినవే. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తొలగించే పద్ధతి కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టింది. ప్రపంచమంతా దానిని నల్లగొండ టెక్నిక్ అంటుంది. ఒక జిల్లా పేరు ఇలా శాస్త్రగ్రంథాలకెక్కడం గర్వపడవలసిన సంగతో, బాధపడవలసిన సంగతో తేల్చి చెప్పడం కష్టం.

కనుక తొట్టి సేద్యం చేసేవాడి మొదటి పని విత్తనం కొనడం కాదు, నీళ్ళు పరీక్ష చేయించడం. ఊరు ఊరికీ, ఒకే ఊళ్ళో బోరు బోరుకూ తేడా ఉంటుంది. పక్కింటి బోరు మంచిదని మన బోరు మంచిది కానక్కరలేదు.

మరి ఏ నీళ్ళు వాడాలి? 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా నీళ్ళు నదీజలాలు. అవి బోరు నీటికంటే మేలు. కాని వాటిలో క్లోరిన్ ఉంటుంది. చేపకు, బాక్టీరియాకు రెండింటికీ అది గిట్టదు. వెడల్పు మూతి ఉన్న గోళెంలో ఒకరోజు ఎండలో ఉంచి, గాలి కొట్టించి కలపాలి. పైగా అవి తాగడానికని ఇచ్చిన నీళ్ళు. నల్లగొండ టెక్నిక్‌తో శుభ్రం చేసిన నీటిలో పటిక తాలూకు సల్ఫేటు, కొంత అల్యూమినియం మిగిలే వీలుంది కనుక అదీ ఇక్కడ పనికిరాదు.

అన్నింటికంటే మేలైనది వాననీరు. దీని లెక్క కూడా చూద్దాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. మన తొట్టికి ఏడాదంతా కలపవలసిన 7,300 లీటర్లు ఎనిమిది సెంటీమీటర్ల వానలో ఉన్నాయి. వృథా పోయేది తీసివేసినా పది సెంటీమీటర్లు చాలు. మన వద్ద వానకాలంలో అంతకు ఎన్నోరెట్లు పడుతుంది. అక్టోబరు చివర నుండి జూను వరకు, ఎనిమిది నెలలకు, 5,000 లీటర్ల ట్యాంకు ఒకటి నింపి మూతపెట్టుకుంటే చాలు. వర్జిన్ దీవులవారు చేసింది ఇదే. వాననీటితో చేసినా మేతలోని ఉప్పు కొంత చేరుతూనే ఉంటుంది. అందుకని అడుగున చేరిన బురదతో పాటు అప్పుడప్పుడు కొంత నీరు తీసి పెరట్లో చెట్లకు పోయాలి.

ఎండ, వేడి, కరెంటు

లెట్యూస్ చల్లటి దేశాల ఆకు. 15 నుండి 22 డిగ్రీల గాలి దానికి హాయి. 24 దాటితే పూతకాడ వేస్తుంది, ఆకు చేదెక్కుతుంది. 30 దాటితే విత్తనం మొలవడమే కష్టం. మన ఎండాకాలం 42 డిగ్రీలు దాటుతుంది. స్లాబు కింద గది సాయంత్రానికి కుంపటిలా ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే మరో నష్టం. 20 డిగ్రీల వద్ద నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. వేడికి చేప ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది, నీరేమో తక్కువ ఇస్తుంది.

గదిలో ఎండ లేదు కనుక దీపాలు కావాలి. ఇప్పుడు దొరికే మంచి ఎల్.ఇ.డి. దీపాలైతే చదరపు మీటరుకు సుమారు 80 వాట్లు, రోజుకు 16 గంటలు. రెండు చదరపు మీటర్లకు రోజుకు రెండున్నర యూనిట్లు. మోటారు, గాలి పంపు కలిపి 40 వాట్లు రాత్రింబగళ్ళు నడిస్తే దాదాపు ఒక యూనిట్. మొత్తం నెలకు 105 యూనిట్లు. దిగుబడి 6 కిలోలు. అంటే కిలో ఆకుకు పదిహేడున్నర యూనిట్ల కరెంటు! ఎయిర్ కండిషనర్ పెడితే అది దీనికి అదనం. మీ ఇంటి బిల్లు తీసి, యూనిట్ ధరతో హెచ్చవేసి, అంగట్లో కిలో లెట్యూస్ ధర పక్కన పెట్టి చూడండి. ఎండ అంత ధారాళంగా కాసే మన నేల మీద కిటికీలు మూసి దీపాలు పెట్టి ఆకు పండించడం, పట్టపగలు లాంతరు పట్టుకొని తిరగడం వంటిదే.

అదే మడిని వరండాలోనో, మిద్దె మీద షేడ్ నెట్ కిందనో పెట్టి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు లెట్యూస్ వేస్తే దీపాల ఖర్చు ఉండదు. కిలోకు ఐదు యూనిట్లు సరిపోతుంది. మార్చి నుండి అదే పలక మీద తోటకూర, బచ్చలి, గోంగూర వంటివి పెట్టుకోవచ్చు. అవి మన వేడిని ఓర్చుకునే ఆకులు, మా నాయనమ్మ పప్పులో వేసే ఆకులు కూడా.

ఏ చేప?

తిలాపియా మొరటు చేప, పుస్తకాలన్నీ దానినే చెబుతాయి. కాని గాలి పంపు ఆగితే ఇరుకు తొట్టిలో అది ఎంతోసేపు నిలవదు. కరెంటు పోయే ఊళ్ళో ఈ సంగతి మొదట ఆలోచించాలి. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఇక్కడ అక్కరకొస్తుంది. దానికి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకునే అవయవం ఉంది. నీటిపైకి వచ్చి గుక్క పట్టి పోతుంది. అయితే దాని గుణాలు దానికున్నాయి. మాంసాహారి కనుక మాంసకృత్తులు ఎక్కువున్న ఖరీదైన మేత కావాలి. పెద్దది చిన్నదాన్ని మింగుతుంది కనుక ఒకే సైజు పిల్లలు వేయాలి. ఎగిరి బయట పడుతుంది కనుక ట్యాంకు మీద వల కట్టాలి. ఇంకొక మాట. కొర్రమీను గాలి పీల్చుకున్నా, మొక్క వేళ్ళు, బాక్టీరియా పీల్చుకోలేవు. వాటికోసమైనా ఒక బ్యాటరీ గాలి పంపు దగ్గర ఉంచుకోవాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ జోలికి మాత్రం పోవద్దు, మన దేశంలో దాని పెంపకం నిషేధం.

కొన్ని జాగ్రత్తలు

ఆకు మీద ఏ పురుగుమందూ చల్లరాదు. ఆకుకు కొట్టింది నీళ్ళలోకి దిగి చేపను చంపుతుంది. చేపకు యాంటీబయాటిక్ వేస్తే బాక్టీరియా పోతుంది. ఇక్కడ ఒకరికి ఇచ్చిన మందు ముగ్గురూ మింగవలసిందే. పేనుబంక పడితే చేత్తో తీసివేయడం, మంచినీళ్ళతో కడగడమే దారి. చేపమేతలో ఇనుము, పొటాషియం, కాల్షియం మొక్కకు సరిపడా ఉండవు. మూడు వారాలకొకసారి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున కీలేటెడ్ ఇనుము కలపాలి. వాననీటితో నడిచే తొట్టిలో పి.హెచ్. క్రమంగా దిగుతుంది. అప్పుడు సున్నం ఒకసారి, పొటాషియం కార్బొనేటు ఒకసారి, కొద్దికొద్దిగా మార్చి మార్చి కలిపితే పి.హెచ్. నిలుస్తుంది, ఆ రెండు పోషకాలూ అందుతాయి. తొట్టి నీళ్ళు ఆకు మీద చిందనీయరాదు. కోసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కోసిన ఆకును మంచినీళ్ళతో కడగాలి. చేపనీళ్ళు మురుగునీళ్ళు కాకపోయినా తాగునీళ్ళు మాత్రం కావు.

మనం చేయదగినది

ఈ లెక్కలన్నీ చూసి ఎవరూ నిరుత్సాహపడవలసిన పని లేదు. గదిలో దీపాల కింద ఏడాది పొడుగునా లెట్యూస్ పండించి లాభం తీయాలన్నది మన ఊరికి కుదిరే మాట కాదు. కాని పది బస్తాల పుస్తకాలు చెప్పలేని పాఠం ఈ వెయ్యి లీటర్ల నీళ్ళు చెబుతాయి. జీవశాస్త్రం వారు చేపను, వృక్షశాస్త్రం వారు ఆకును, రసాయనశాస్త్రం వారు నీటిని చూసుకుంటూ, ముగ్గురూ ఒకే నోటుపుస్తకంలో రోజూ అంకెలు రాసుకోగలిగిన ప్రయోగం ఇది. కాలేజీ మిద్దె మీద ఒక తొట్టి, పక్కన ఒక వాననీటి ట్యాంకు పెట్టడం మన శక్తికి మించిన పని కాదు. ఒక మడిని వాననీటితో, ఇంకొక చిన్న మడిని బోరు నీటితో నడిపి, రెండింటిలో నెలనెలా ఫ్లోరైడు కొలిస్తే, ఆ అంకెలు మన జిల్లా రైతుకు పనికొస్తాయి. ఆ రెండో మడిలోని ఆకును, చేపను మాత్రం ఎవరూ తినకూడదు.

లోపలికి వచ్చింది ఏదీ తనంత తాను బయటికి పోదన్నదే ఈ తొట్టి చెప్పే పాఠం. నల్లగొండ నేల ఆ పాఠాన్ని మనుషుల ఎముకల మీద రాసి చూపించింది. అదే పాఠాన్ని ఒక తొట్టిలో, ఎవరికీ నష్టం లేకుండా నేర్చుకునే అవకాశం మనకుంది. వచ్చే చలికాలం సెలవులకు గుట్టకు పోయినప్పుడు, నాలుగు లెట్యూస్ ఆకులు తీసుకుపోయి మా నాయనమ్మ ముందు పెట్టి, "ఇవి మన మిద్దె మీద పడ్డ వాననీళ్ళ ఆకులు" అని చెప్పాలని నా కోరిక. అప్పుడామె వాటిని పప్పులో వేసినా నాకు అభ్యంతరం లేదు.